చేత్తో ఆగే కారు

నేను ఒక లివర్‌ని. లివర్ అనగానే పొట్ట తడుముకోకండి. నేను మనుషుల కడుపులో ఉండేదాన్ని కాదు, కారులో స్టీరింగు కింద ఎడమ పక్కన ఉండేదాన్ని. కాళ్ళతో పెడళ్ళు తొక్కలేనివాళ్ళు చేత్తోనే కారును నడపడానికీ, ఆపడానికీ నన్ను బిగిస్తారు. మూరెడు పొడవున్న ఇనుపకడ్డీ, దాని చివర ఒక పిడి, కింద రెండు సన్నని ఊచలు. ఒక ఊచ బ్రేకు పెడలుకు, రెండోది యాక్సిలరేటరుకు. ముందుకు తోస్తే కారు ఆగాలి, వెనక్కి లాగితే కదలాలి. నా చదువంతా ఇంతే. ఈ కాస్త చదువుతోనే నేను మనుషుల్ని బాగా దగ్గరగా చూశాను.

నేను పుట్టింది కాకినాడలో, లారీ షెడ్ల వెనక వీధిలో ఉన్న నూకరాజు వర్క్‌షాపులో. నూకరాజు బ్రేకుల పనిలో ఆరితేరినవాడు. ఏ బండైనా ఆగనని మొండికేస్తే అతని దగ్గరికే తీసుకొచ్చేవారు. పని మొదలుపెట్టేముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, చెవి మీద పెట్టుకున్న బీడీ తీసి, వెలిగించకుండానే మళ్ళీ చెవి మీదే పెట్టుకునేవాడు. బీడీ మానేసి ఆరేళ్ళయిందట. చెవి మాత్రం ఇంకా మానలేదు.

ఒకరోజు సోమలింగం అనే ఆయన ఫోను చేత్తో పట్టుకుని వర్క్‌షాపుకి వచ్చాడు.

"మా బావగారికి కాలు తీసేశారండి. మళ్ళీ కారు నడపాలని ఒకటే గోల. ఇదిగో, ఈ వీడియోలో ఉన్నలాంటిది చేసి పెట్టాలి," అన్నాడు.

నూకరాజు ఆ వీడియో నాలుగుసార్లు చూశాడు. ఎప్పుడూ చెయ్యని పని కాబట్టి కళ్ళు మెరిశాయి. "చేసేద్దామండి. ఇదేవన్నా బెమ్మవిద్యా?" అన్నాడు.

ఏ కాలు తీశారో నూకరాజు అడగలేదు. సోమలింగం చెప్పలేదు. అప్పటికి నేను మూలన పడున్న పాత ఆయిలింజను షాఫ్టు ముక్కని. నన్ను అడిగేవాళ్ళు అసలే లేరు.

నాలుగు రోజుల్లో నన్ను లేతు మీద తిప్పి, కొలిమిలో కాల్చి వంచి, వెల్డింగు పెట్టి, నల్లరంగు పూశాడు. పిడికి సైకిల్ హ్యాండిల్ తొడుగు వేశాడు. అద్దంలో చూసుకునే అవకాశం రాలేదు కానీ, గోడకు వేలాడుతున్న పానాలు నావైపు చూసిన తీరునుబట్టి అందంగానే ఉన్నాననుకున్నాను.

సోమలింగం బావగారి పేరు పేర్రాజు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. షుగరు పుండు ముదిరి మోకాలి కిందనుంచి కుడికాలు తీసేశారు. అప్పట్నుంచీ ఇంట్లోవాళ్ళు ఆయన్ని గాజుబొమ్మలా చూసుకుంటున్నారు. ఎక్కడికైనా వెళ్ళాలంటే కారులో ఎడమ పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు వాళ్ళే పెట్టి, తలుపు వాళ్ళే వేసేవారు. జన్మంతా కుడిపక్క కూర్చున్న మనిషికి అటుపక్కనుంచి ఊరంతా ఎవరో తిరగేసి పెట్టినట్టు కనిపించేదట. అందుకే గేరు మార్చక్కర్లేని కారు ఒకటి కొని, నన్ను చేయించుకున్నారు.

నన్ను బిగించిన రోజు ఊరి బయట పొలాల మధ్య మట్టిరోడ్డు మీదికి తీసుకెళ్ళారు. పేర్రాజు గారు స్టీరింగును రెండు చేతులతో నిమిరారు. తర్వాత ఎడమచేత్తో నన్ను పట్టుకుని నెమ్మదిగా లాగారు. కారు కదిలింది. ఆయన మొహంలో వచ్చిన వెలుగు చూసి, పక్కన కూర్చున్న నూకరాజు నవ్వాడు. నేనైతే గర్వంతో కాస్త బిగుసుకుపోయాను కూడా.

రెండు ఫర్లాంగులు వెళ్ళామో లేదో, ఎదురుగా ఒక గేదె నింపాదిగా రోడ్డెక్కింది. ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? పేర్రాజు గారి శరీరం మొత్తం కాలి మీదికి వెళ్ళిపోయింది. మంచిగా ఉన్న ఎడమకాలు బ్రేకు కోసం పరుగెత్తి, దొరక్క, ఎక్కడో తొక్కింది. కంగారులో చెయ్యి నన్ను ముందుకు తొయ్యాల్సింది పోయి వెనక్కి లాగేసింది. నేను చెప్పినపని చేసేదాన్ని. లాగితే పరుగెత్తించాలి, పరుగెత్తించాను. కారు ఒక్క దూకు దూకి, గేదెను తప్పించుకుని, రోడ్డు దిగి, పక్కనున్న గడ్డిమేటులోకి సగం దాకా దూరిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అద్దం మీదంతా గడ్డి. లోపల చీకటి. ఆ చీకట్లో ముందు నవ్వింది పేర్రాజు గారే.

"ముప్పయ్యేళ్ళ సర్వీసులో నేనేనాడూ గడ్డి తిన్లేదురా నూకరాజూ! ఇయ్యాళ నా కారు తినేసింది!"

నూకరాజు నవ్వలేదు. "తప్పు నాదేనండి," అన్నాడు నీరసంగా.

"తప్పుకేంగానీ, ఒక మాట చెప్పు. పోయింది నా కుడికాలు. ఎడంకాలు సుబ్బరంగా ఉంది. మరి దాన్నెవరూ పని అడగలేదేం?"

నూకరాజు ఆ కాలివైపు మొదటిసారి చూశాడు. చెప్పుతొడుక్కున్న, పని చెయ్యడానికి సిద్ధంగా ఉన్న ఎడమకాలు. దానికి ఏం కావాలి? యాక్సిలరేటరును బ్రేకుకు కుడి వైపునుంచి ఎడమ వైపుకు తెస్తే చాలు. చేత్తో పనే లేదు. నేను అక్కర్లేదు.

వారం తిరిగేసరికి నూకరాజు ఎడమవైపు మడతపెట్టే పెడలు ఒకటి అమర్చాడు. పేర్రాజు గారు ఒక్క పూటలో అలవాటు పడి, పెళ్ళాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పిఠాపురం దాకా వెళ్ళొచ్చారట. నాకు ఆ సంగతి చెప్పుకుంటుండగా వినిపించింది. అప్పటికి నేను గోనెగుడ్డలో చుట్టుకుని, వర్క్‌షాపు అటక మీద గ్రీజు డబ్బాల పక్కన పడుకుని ఉన్నాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. నాలో లోపమేమీ లేదు. ఆయనలోనూ లేదు. ఇద్దరికీ కుదరలేదు, అంతే. ఈ ముక్క నాకు అర్థం కావడానికి ఆ అటక మీద ఏడాదిన్నర పట్టింది.

ఈలోగా నూకరాజు మారిపోయాడు. గడ్డిమేటు కథ ఊళ్ళో పాకి, నవ్వుకున్నవాళ్ళతో పాటు అవసరం ఉన్నవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళని ముందు కుర్చీలో కూర్చోబెట్టేవాడు. టీ తెప్పించేవాడు. చేపల బజారులో తూకానికి వాడే కొక్కెం కాటా ఒకటి గోడకు కట్టి, దాన్ని లాగమనేవాడు, తాడు కప్పీ మీదుగా తిప్పి తొయ్యమనేవాడు. ఏ చెయ్యి ఎంత లాగుతోందో, ఎంతసేపటికి అలసిపోతోందో నోటుపుస్తకంలో రాసుకునేవాడు. కొందరికి ఏ పరికరమూ అక్కర్లేదని, సీటు నాలుగంగుళాలు ఎత్తితే చాలని చెప్పి పంపేసేవాడు. నేను పైనుంచి చూస్తూ, ఏరోజైనా ఆ కాటాలో నా అంకె పలుకుతుందేమోనని ఎదురుచూసేదాన్ని.

ఒక ఉదయం వర్క్‌షాపు ముందు తెల్లకారు ఒకటి ఆగింది. నడుపుతున్నది అద్దె డ్రైవరు. వెనక సీట్లోంచి ముప్పయ్యారేళ్ళ ఆవిడ దిగింది. రెండు కాళ్ళకీ వాటిని నిలబెట్టే ఇనుప ఊచల, తోలుపట్టీల క్యాలిపర్లు, ఎడమ చంకలో కర్ర. ఆవిడకంటే ముందు దిగి, తలుపు పట్టుకుని, కర్ర అందించి, గొడుగు వేసి, ఒకేసారి నాలుగు పనులు చేస్తున్నాయన ఆవిడ భర్త. ఆవిడ పేరు జ్ఞానసుందరి. ఆయన పేరు అభిషేకం, ఎలక్ట్రీషియను. కాపురం జగన్నాథపురంలో.

జ్ఞానసుందరి కుట్టుమిషన్ల మెకానిక్కు. పధ్నాలుగేళ్ళ నుంచీ అదే పని. దారం తెంపే మిషనైనా, కుట్టు వదిలేసే మిషనైనా ఆవిడ చెవి పెట్టి రెండు తిప్పులు తిప్పిందంటే జబ్బేమిటో చెప్పేసేది. పెద్దాపురం దగ్గర బట్టలు కుట్టే షెడ్డొకటి ఉంది. నలభై రెండు మిషన్లు. ఒక మిషను ఆగితే, దాని మీద కూర్చునే మనిషికి ఆ రోజు కూలి ఆగినట్టే. షెడ్డు మేనేజరు ఆవిడకి కబురు పెట్టేవాడు. ఈవిడ ఆటో కోసం చూసి, ఎక్కి, మధ్యలో దిగి, ఇంకోటెక్కి వెళ్ళేసరికి సగం పూట గడిచేది. కొందరు ఆటోవాళ్ళు కర్రను చూసి ఆపేవారే కాదు. చివరికి మేనేజరు మొహమాటంగానే చెప్పేశాడు: మూడు నెలల్లో మీ సొంత బండిలో గంటలోపు రాగలిగితే పని మొత్తం మీకే రాసిస్తాం, లేదంటే షెడ్డులోనే ఇంకొకర్ని పెట్టుకుంటాం.

ఆ మాట మీదే గేరు మార్చక్కర్లేని ఆ పాత తెల్లకారు కొంది. కొన్నాక సలహాలు మొదలయ్యాయి. పెదనాన్న కొడుకొకాయన స్టీరింగు చుట్టూ, నొక్కితే కారు కదిలే రింగు పెట్టించమన్నాడు. చర్చిలో పెద్దాయనొకాయన డ్రైవర్ని పెట్టుకోమన్నాడు. పక్కింటావిడ అసలు కారే వద్దంది. ముగ్గురిలో ఎవరూ ఆవిడ చేతిని ఒక్కసారైనా పట్టిచూసినవాళ్ళు కారు.

నూకరాజు కుర్చీ వేసి అడగడం మొదలుపెట్టాడు.

"మీకు ఏ చెయ్యి బలంగా ఉంటాదమ్మా?"

"రెండూ బాగానే ఉంటాయండి," అన్నాడు అభిషేకం.

"ఎంతసేపు కూకోగలరమ్మా?"

"గంటన్నర దాకా పర్లేదండి," అన్నాడు అభిషేకం.

"నడుంనొప్పేవన్నా..."

"అబ్బే, లేదండి."

జ్ఞానసుందరి భర్తవైపు తిరిగింది. "ఏవండీ, నడుం మీదా, నాదా?"

అభిషేకం గొడుగు మడవడం మొదలుపెట్టాడు.

"పోలియో వచ్చింది నా కాళ్ళకండి, నోటికి కాదు," అంది నూకరాజుతో. "నన్నడగండి, చెప్తాను. నడుం నొప్పుంది. సాయంత్రమయ్యేసరికి వస్తాది. కుడిచెయ్యి గట్టిది, రోజంతా స్క్రూలు తిప్పే చెయ్యి. ఎడంచెయ్యి కర్ర మోసీ మోసీ భుజం అరిగిపోయింది. లాగడం కష్టం. తొయ్యడం కష్టం కాదు."

అభిషేకం చెడ్డవాడు కాడు. పదకొండేళ్ళుగా ఆవిడ బస్సు దిగేటప్పుడు కింద చేతులు చాపి నిలబడ్డవాడు. ఆ చేతులకి ఖాళీ వస్తుందంటే మనిషికి బెంగగా ఉండదా? నాకు ఆయన మొహం చూస్తే జాలేసింది.

కాటా కట్టారు. ఎడమచేత్తో లాగితే ఆరు కేజీల దగ్గర ఆవిడ పళ్ళు బిగిశాయి. ముందుకు తోస్తే పధ్నాలుగు. అరచెయ్యి ఆనించి కిందికి నొక్కితే, ఏ కష్టమూ లేకుండా పదిహేను. నూకరాజు అంకెలు చూసుకుని, చెవి మీద బీడీ తీసి మళ్ళీ పెట్టుకుని, అటకవైపు తలెత్తాడు.

నిచ్చెన వేసుకుని నన్ను దింపాడు. గోనె విప్పాడు.

"ఇది చేసింది వేరే ఆయన కోసం. ఆయనకి కుదర్లేదు. ఇలా ఉన్నదున్నట్టు మీకూ కుదరదు," అన్నాడు. "కోసి మళ్ళీ అతకాలి. బ్రేకు ముందుకి తోసేదే ఉంచుదాం. కదలడానికి మాత్రం లాగక్కర్లేకుండా, ఒళ్ళోకి నొక్కేలా మారుత్తాను. చేతి బరువే సరిపోద్ది."

ఆవిడ నన్ను తన చేతుల్లోకి తీసుకుంది. తిప్పి చూసింది, కీలు దగ్గర వేలు పెట్టి ఊపి చూసింది, చెవి దగ్గర పెట్టుకుంది. నా జన్మలో నా మాట వినడానికి చెవి పెట్టిన మొదటి మనిషి. "ఇక్కడ వెంట్రుకవాసి లూజుంది," అంది. నిజమే, ఉంది. నూకరాజుకే తెలియదు.

కోతలు, అతుకులు అయ్యాయి. నొప్పి సంగతి చెప్పను. కొత్త పని నేర్చుకునేటప్పుడు ఆమాత్రం ఉంటుంది. పిడి పని ఆవిడే చేసుకుంది. పైపులకి పూసే సీలు ముద్ద నా చివర పెట్టించి, అది మెత్తగా ఉండగానే అరచేత్తో నొక్కి పట్టుకుని పావుగంట కూర్చుంది. ముద్ద గట్టిపడేసరికి ఆవిడ అరచెయ్యి నా మీద అచ్చుపడిపోయింది. దాని మీద కుట్టుమిషను తోలుబెల్టు వరసగా చుట్టి బిగించింది. అప్పటినుంచీ ఎవరు పట్టుకున్నా నేను ఒక్కరి చేతిలాగే ఉంటాను.

మొదటిసారి మైదానంలో తిప్పినప్పుడు ఎడమకు మలుపు తిరగ్గానే నా కడ్డీ ఆవిడ మోకాలి క్యాలిపరుకు తగిలి, దాని లాకు టక్కున ఊడింది. కాలు బ్రేకు పెడలు కిందికి జారింది. కారు ఆగింది కానీ నూకరాజు మొహం పాలిపోయింది. "మళ్ళీ తప్పు చేశానమ్మా," అన్నాడు.

"కుట్టు మొదటిసారే సరిగ్గా పడిపోతే నా దగ్గరికెవరొస్తారండి?" అంది ఆవిడ, లాకు సర్దుకుంటూ. మెడలో వేలాడుతున్న టైలరు టేపు తీసి, మోకాలికీ నాకూ మధ్య తనే కొలిచింది. "రెండున్నర అంగుళాలు పైకి వంచండి. కాళ్ళకీ పెడళ్ళకీ మధ్య రేకు అడ్డం పెట్టండి. నా కాళ్ళు ఎక్కడికి పోవాలనుకున్నా అటు పోకూడదు."

వంచాడు, రేకు పెట్టాడు. ఎక్కి దిగడానికి తలుపు పైన పట్టుకునే పట్టీ, సీటు పక్కన జారి కూర్చునే చెక్కపలక కూడా పెట్టాడు. ఇవన్నీ ఆవిడ నాలుగుసార్లు ఎక్కి దిగి, ఎక్కడ చెయ్యి వెతుక్కుంటోందో చూసి పెట్టినవి.

ఇక డ్రైవింగు నేర్పాలి. నేర్పే స్కూళ్ళవాళ్ళు నన్ను చూసి, "మాకు ఇలాంటిది అలవాటు లేదండి," అన్నారు. అప్పుడు నూకరాజు ఎవర్ని పిలిచాడో మీరే చెప్పగలరు. పేర్రాజు గారు తన కారులో వచ్చి, ఎడమకాలితో ఆపి, కర్ర పట్టుకుని దిగి, కిటికీలోంచి నన్ను చూశారు.

"ఓహో, నువ్వా! గడ్డి అరిగిందా?" అన్నారు.

ఆయన మంచి గురువు. కేకలు వెయ్యరు. "అమ్మాయ్, కుర్రాళ్ళు రోడ్డు చూసి నడుపుతారు. నువ్వు మనుషుల భుజాలు చూసి నడుపు. ఎవడెటు తిరుగుతాడో కాలికంటే ముందు భుజానికి తెలుస్తాది," అనేవారు. జ్ఞానసుందరి రోజూ పొద్దున్నే గంటన్నర నేర్చుకునేది. కుడిచెయ్యి, ఒంటిచేత్తో తిప్పడానికి స్టీరింగుకు బిగించిన గుండీని తిప్పేది, ఎడమచెయ్యి నా మీద ఆనేది. మొదట్లో నన్ను పీక పిసికినట్టు పట్టుకునేది. నెల తిరిగేసరికి ఆ పట్టు వదులైంది. ఎంత వదులైతే అంత బాగా నడిపేది. మనుషులు భయంలో గట్టిగా పట్టుకుంటారు, ధైర్యం వచ్చాక మెత్తగా పట్టుకుంటారు. ఇది నేను చేతులు చూసి నేర్చుకున్న సంగతి.

లైసెన్సు పరీక్ష రోజు. ఇన్‌స్పెక్టరు కారు చుట్టూ తిరిగాడు, కాగితాలు చూశాడు, నన్ను వంగి చూశాడు. జ్ఞానసుందరి స్టీరింగు ముందే కూర్చుని ఉంది. ఆయన ఆవిడకి అవతల నిలబడ్డ అభిషేకాన్ని అడిగాడు.

"ఏవయ్యా, ఈవిడ నడపగలదంటావా?"

అభిషేకం నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. గుటక వేశాడు. "ఆవిడ్నే అడగండి సార్," అన్నాడు.

అద్దంలోంచి జ్ఞానసుందరి భర్తని చూసింది. ఆ చూపు నా మీద ఆనిన చేతిలోకి కూడా దిగింది. చెయ్యి వెచ్చబడింది.

"ఎక్కండి సార్, చూపిస్తాను," అంది.

ఇన్‌స్పెక్టరు ఎడమ పక్క ఎక్కాడు. కారు కదిలింది మొదలు ఆయన కుడికాలు ఊరుకోలేదు. మలుపు వస్తే తొక్కేవాడు, సైకిలు అడ్డొస్తే తొక్కేవాడు, దూరంగా కుక్క కనబడినా తొక్కేవాడు. ఆయన పక్కన బ్రేకెక్కడుంది? వట్టి చాప మీద తొక్కుతున్నాడు. నేనేమో ఆవిడ చేతి కింద నా పని నేను చేసుకుపోతున్నాను. వెనక్కి నడిపి రెండు కర్రల మధ్య పెట్టమన్నాడు, పెట్టింది. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదలమన్నాడు, వెంట్రుకంత కూడా వెనక్కి జారకుండా కదిలింది. దిగాక ఆయన కాలు సవరించుకుంటూ, "పాసమ్మా. నాకే కాలు నొప్పెడుతోంది," అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు, ఆయనతో సహా.

మూడు నెలల గడువుకి ఇంకా తొమ్మిది రోజులుండగా షెడ్డు నుంచి ఫోనొచ్చింది. వాన పడుతోంది. ఐదు మిషన్లు ఒకేసారి ఆగిపోయాయట, రేపు బట్టలు లారీకెక్కాలట. జ్ఞానసుందరి పనిముట్ల సంచీ పక్క సీట్లో పడేసి బయల్దేరింది. ఒక్కతే. సామర్లకోట కాలవ రోడ్డు ఎక్కాం. అద్దం మీద వాన, పక్కన నిండుగా కాలవ. ఒక వంపు తిరిగేసరికి రోడ్డంతా బాతులు! రెండు మూడు వందలుంటాయి. కాలవలోంచి ఎక్కి, అవతలి చేలోకి దిగడానికి రోడ్డుకు అడ్డంగా తాపీగా నడుస్తున్నాయి. ఆవిడ కాళ్ళు కదల్లేదు, కదలవు కూడా. చెయ్యి ఒక్క ఊపున నన్ను ముందుకు తోసింది. నేను ఒంట్లో ఉన్న బలమంతా పెడలు మీద పెట్టాను. టైర్లు తడి రోడ్డు మీద గీసుకుంటూ, చివరి బాతుకు జానెడు దూరంలో ఆగాయి. ఆ బాతు తలతిప్పి చూసి, ఒకసారి అరిచి, నడక మాత్రం పెంచకుండా వెళ్ళిపోయింది.

కర్ర పట్టుకున్న బాతులాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. "బలేగా తొక్కావమ్మా బ్రేకు! ఇంకోళ్ళయితే నాలుగు పోయుండేవి," అన్నాడు.

"తొక్కలేదు బాబాయ్," అంది ఆవిడ నవ్వుతూ. ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ చెప్పనూ లేదు.

యాభై నిమిషాల్లో షెడ్డు ముందు ఆగాం. మిషన్ల మీద పనాగిపోయి వరండాలో నిలబడ్డ ఆడవాళ్ళు, డ్రైవరు సీట్లోంచి ఆవిడ దిగడం చూశారు. వాళ్ళలో ఒకామె, "ఒలమ్మో, సుందరక్కే!" అని అరిచింది. ఇక చూడండి, పెళ్ళివారొచ్చినంత సందడి. ఒకరు కర్ర అందుకున్నారు, ఒకరు సంచీ పట్టుకున్నారు. వానలో తడుస్తూ కారు చుట్టూ తిరిగి, నన్ను వేలితో ముట్టుకుని చూశారు. మధ్యాహ్నానికి ఐదు మిషన్లూ తిరిగాయి. గోడ అవతలనుంచి ఆ నలభై రెండు మిషన్ల మోత వింటూ నేను కారులో కూర్చున్నాను. అంత హాయైన చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

పని ఆవిడకే రాసిచ్చారు. అభిషేకం మాత్రం మొదటి పది రోజులూ మోటారుసైకిలు మీద వెనకాలే దూరంగా వచ్చేవాడు, ఆవిడకి తెలియదనుకుంటూ. పదకొండో రోజు ఆవిడ కాలవగట్టు మీద కారాపి, ఆయన దగ్గరికి వచ్చేదాకా ఆగి, "ఏవండీ, ఎలాగూ వస్తున్నారు కదా, పెట్రోలు దండగ. లోపలెక్కండి," అంది. ఆయన మోటారుసైకిలుకు గట్టు మీదే తాళం వేసి, సిగ్గుపడుతూ ఎక్కాడు. ఎడమ పక్క సీట్లో కూర్చుని, కాసేపటికి కిటికీలోంచి కాలవ చూస్తూ నిద్రపోయాడు. ఆయన్ని చూసి ఆవిడ నన్ను మరింత మెత్తగా నొక్కింది, కుదుపు లేకుండా.

అలా తొమ్మిదేళ్ళు తిరిగాం. పెద్దాపురం, తుని, మండపేట. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలు ఇద్దరు వేరే ఊళ్ళలో షాపులు పెట్టుకున్నారు. కారు ముసలిదైంది. కొత్త కారు కొన్నప్పుడు నూకరాజు దానికి తేలికైన కొత్త లివర్ తయారుచేశాడు. ఆవిడ నన్ను విప్పించి, గుడ్డతో తుడిచి, "దీన్ని తుక్కులో వెయ్యకండి," అంది.

"తుక్కా? దీంతో నాకు పనుంది," అన్నాడు నూకరాజు.

వర్క్‌షాపులో ఒక పక్కన సిమెంటు దిమ్మ కట్టించి, దాని మీద పాత కారు సీటు ఒకటి బిగించాడు. ముందు స్టీరింగు పెట్టాడు, కింద స్ప్రింగులతో ఉత్తుత్తి పెడళ్ళు పెట్టాడు. నన్ను అందులో అమర్చాడు. నా పక్కనే ఎడమకాలి పెడలు, రింగు, నాలుగు రకాల గుండీలు ఉన్నాయి. వచ్చినవాళ్ళు అందులో కూర్చుని ఎంతసేపైనా పట్టుకుని చూసుకోవచ్చు. ఏది కుదిరితే అది. ఏదీ కుదరకపోతే నూకరాజు సుద్దముక్కతో నేల మీద కొత్తది గీస్తాడు. ఇప్పుడు నా ఉద్యోగం ఇదే. ఎక్కడికీ వెళ్ళను. రోజుకో కొత్త చెయ్యి వస్తుంది. సగం మందికి నేను కుదరను. ఆ మాట వాళ్ళకి ఇక్కడే తెలిసిపోవడం నాకు సంతోషమే.

మొన్న రజియా అనే అమ్మాయి వచ్చింది. ఇరవయ్యారేళ్ళుంటాయి, మందుల షాపులో పని. మేడ మెట్ల మీదనుంచి పడి వెన్నుకు దెబ్బ తగిలి, నడుం కింద స్పర్శ లేదు. చక్రాలకుర్చీ తోసుకుంటూ వచ్చింది. వెంట తల్లి మెహరున్నీసా. ఆ తల్లి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కారు అన్న మాట వినడానికే ఆమెకి గుండె దడగా ఉందని మొహమే చెబుతోంది. నూకరాజు కాటా చూశాడు, చక్రాలకుర్చీ తిప్పీ తిప్పీ ఆ అమ్మాయి చేతులు ఉక్కులా ఉన్నాయి. చెక్కపలక మీదుగా జారి సీట్లోకి వచ్చింది. నన్ను పట్టుకుంది. ముందుకు తోసింది, కిందికి నొక్కింది. మళ్ళీ తోసింది, మళ్ళీ నొక్కింది. తర్వాత చిన్నపిల్లలా నోటితో ఇంజను చప్పుడు చేసింది.

"అమ్మీ, ఎక్కడికెళ్దాం?" అంది గుమ్మంవైపు తిరిగి.

మెహరున్నీసా కూతురి మొహంవైపు చూసింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, స్టూలు ఒకటి లాక్కుని, సీటుకు ఎడమ పక్కన వేసుకుని కూర్చుంది. చెంగు సర్దుకుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"ముందు పెట్రోలు కొట్టించు," అంది.

ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం, సిమెంటు దిమ్మ మీదనుంచి అంగుళం కూడా కదలకుండా, యానాం దాకా వెళ్ళొచ్చాం.